బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకు పది వారాలే ఉంది: హైదరాబాద్‌లో ఎలా తయారవ్వాలి, రిస్క్ ఫారమ్ మీద ఏం చూసుకుని సంతకం పెట్టాలి?

ఖాజాగూడ_నడక:

ఉత్తరకాశీలో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకు సీటు ఖరారైంది. మే మూడో వారంలో మొదలు, దాదాపు నాలుగు వారాలు. వయసు 27, మాదాపూర్‌లో కుర్చీ ఉద్యోగం. ఐదు కిలోమీటర్లు 34 నిమిషాల్లో పరిగెత్తగలను. వీపు మీద బరువు మోసే అలవాటు అస్సలు లేదు. మంచు అంటారా, ఫ్రిజ్‌లో చూసిందే.

అడగాల్సినవి మూడు. ఈ ఎండల్లో, ఈ ఊళ్లో, కొండ లేకుండా కొండకు ఎలా తయారవ్వాలి? పరీక్షలు, మందుల సంగతేమిటి? మూడోది అసలుది. "ప్రమాదం జరిగితే సంస్థది బాధ్యత కాదు" అని ఒక రిస్క్ సర్టిఫికెట్ పంపారు. నాన్న సాక్షి సంతకం పెట్టాలి. ఆయన చదవకుండా ఏ కాగితం మీదా పెట్టరు, చదివితే అసలే పెట్టరు. ఆయన అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. "ఏం కాదు నాన్నా" అని తోసెయ్యడం నాకిష్టం లేదు.

---

బోనగిరి_బండ:

చెల్లె, ఉరుకుడు మంచిదే గాని అక్కడ ఉరికేది తక్కువ, మోసేది ఎక్కువ. వీపు మీద 12 నుంచి 15 కిలోలు, రోజుకు నాలుగైదు గంటలు ఎక్కుడు దిగుడు. మరునాడు పొద్దున మళ్ల అదే పని. ఒక్కరోజు ఇరగదీసుడు కాదు, వరుసగ పన్నెండు రోజులు నడవగలగాలె. తయారీ అంత దానికోసమే.

కొండ లేదని ఫికర్ చెయ్యకు, లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ చాలు. ఒక అంతస్తు సుమారు మూడు మీటర్లు. పది అంతస్తులు ఒకసారి ఎక్కితే 30, ఇరవైసార్లు ఎక్కితే 600 మీటర్లు. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టు. గోల్కొండ మెట్లు మంచిగుంటయి గాని గేటు తీసేసరికే ఎండ నెత్తికెక్కుతది.

మొదటి మూడు వారాలు సంచి వద్దు. వారానికి మూడు రోజులు 45 నిమిషాల జాగింగ్, పక్కనోళ్లతోని మాట్లాడుకుంట ఉరకగలిగేంత వేగమే. ఇంకో రెండు రోజులు ఉత్త మెట్లు. నాలుగో వారం ఆరు కిలోలతోని మొదలుపెట్టి వారానికి రెండు కిలోల కంటే ఎక్కువ పెంచకు. ఎనిమిది, తొమ్మిది వారాలల్ల 14, 15 కిలోలకు వస్తవు. పదో వారం సగానికి సగం తగ్గించు. ఆఖరి వారంల కసిగ చేసినోళ్లే పిక్క పట్టేసుకుని రైలెక్కుతరు.

బరువుకు నీళ్ల సీసాలు పెట్టుకో, లీటరు అంటే కిలో. మొదట్ల టెర్రస్ మీద మొక్కలకు పోసి ఖాళీ సంచితోని దిగు, మోకాళ్లు బతుకుతయి. ఏడో వారం నుంచి మాత్రం బరువుతోనే దిగాలె. కండరం సాగుకుంట బరువు ఆపేది దిగేటప్పుడే. తొడలు కొట్టుకుపొయ్యేది గూడ అప్పుడే. దీనికి ఇంట్ల చేసే కసరత్తు ఒకటున్నది: ఇరవై సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలు మీద నిలబడి, రెండో మడమ నేలకు తాకేదాక మూడు సెకన్లు పట్టేటట్టు మెల్లగ దిగు. ఒక్కో కాలుకు పన్నెండు, మూడు విడతలు. మోకాలు లోపలికి వంగుతున్నదంటే తుంటి బలం తక్కువున్నట్టు. అప్పుడు బరువు పెంచకు.

బూట్ల సంగతి. మంచు మీద తొడిగేటివి సంస్థే ఇస్తది. నడకకు నీ సొంతం కావాలె. సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటయి. వాలు మీద నిలబడి ముందుకు తన్నితే బొటనవేలు కొసకు తగలొద్దు. ఇంట్ల ఏళ్లకేళ్లు మూలకున్న పాత బూట్లు అస్సలు వద్దు. అడుగున పాలియురెథేన్ నురుగు ఉంటది, అది గాలిల తేమకు లోపల్నే చెడిపోతది. పైకి కొత్తగనే కనపడి మూడో రోజు బిస్కెట్ లెక్క పొడిపొడి అయితది.

ఇంకో మాట, ఇది మన గుట్టల మీద నేర్చినోళ్లకే. భువనగిరి ఏకశిల, ఖాజాగూడ బండలు గట్టి గ్రానైట్. పట్టు దొరికితే నమ్మొచ్చు. హిమాలయాలల్ల చానా చోట్ల రాయి పగిలి పొరలుపొరలుగ ఉంటది. లాగే ముందు అరచేతితోని తట్టి చూడాలె, బోలుగ మోగితే ముట్టొద్దు. పట్టును కిందికి అదమాలె గాని నీ దిక్కు గుంజొద్దు. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014ల ఎవరెస్టు ఎక్కిన్రు. ఇద్దరు భువనగిరిల మొదలుపెట్టినోళ్లే గాని నడుమ డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణలు ఉన్నయి. బండ మంచిగొస్తది కదా అని మంచును తక్కువ చెయ్యకు.

---

మాత్రలచీటి:

పరీక్షల వరకు నేను చెప్తాను. మీ డాక్టరుకు చూపించే ముందు ఒక అవగాహన కోసమే ఇది, చీటీ కాదు.

ముందుగా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపేది). మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలంటే, అది ఉన్నట్టు కూడా తెలియదు. ఇనుము నిల్వలు కోలుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పరీక్ష ఈ వారమే చేయించండి, మే నెలలో కాదు. ఈసీజీ ఎలాగూ ఫారమ్‌లో అడుగుతారు. ఛాతీలో నొప్పి, గుండెదడ, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో గురించి అడగండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. పంటి డాక్టరు దగ్గరికీ వెళ్లండి. సగం పుచ్చిన పన్ను మూడో రోజు రాత్రి గుడారంలో లేస్తే చేసేదేమీ ఉండదు.

చాలామంది అడగనిది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ఆదిలాబాద్, భద్రాద్రి వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాధి ఉన్నవాళ్లు ఈ కోర్సుకు వెళ్లకూడదు. వ్యాధి లేకుండా దాని జన్యువు మాత్రమే మోస్తున్నవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ఎత్తులో ప్లీహానికి రక్తం అందక దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి దాని గుర్తు. కుటుంబంలో ఉంటే ముందే పరీక్ష చేయించి, సంస్థ డాక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక ఎత్తు. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. పది వారాల మెట్లు దీన్ని మార్చలేవు. ఫిట్‌గా ఉన్నవాళ్లకు ఎత్తు జబ్బు రాదన్నది తప్పు. ఫిట్‌గా ఉన్నవాళ్లు తొందరగా ఎక్కేస్తారు, అందుకే వాళ్లకూ వస్తుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఆగాలి.

కొత్త ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దానికి తోడు వికారం, నీరసం, కళ్లు తిరగడం. అలా ఉంటే ఆ పూటకు పైకి కదలొద్దు. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి. రెండు గుర్తుల దగ్గర ఎదురుచూడటం ఉండదు. ఒకటి, మడమకు కాలివేలు ఆనించుకుంటూ సరళరేఖ మీద పది అడుగులు వేయలేక తూలడం: మెదడు వాపు. రెండు, కూర్చుని ఉన్నా ఆయాసం, రాత్రి పెరిగే దగ్గు, గులాబీ రంగు నురగ: ఊపిరితిత్తుల్లోకి నీరు. రెంటికీ మందు దిగడమే. ఆక్సిజన్, డెక్సామెథాసోన్, నిఫెడిపిన్ దిగేలోపు ఆసరా మాత్రమే.

ఎసిటజోలమైడ్, అదే డయామాక్స్. ఎత్తు జబ్బు నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు బయలుదేరే ముందురోజు నుంచి. 250 మాత్ర అయితే సగం. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా చప్పగా అనిపిస్తుంది, ఇవి మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. మొదటి మాత్ర కొండ మీద వేసుకోవడం తెలివితక్కువ. డాక్టరు సరేనంటే ఇక్కడే రెండు రోజులు వేసి చూడండి. కోర్సులో మాత్రం శిక్షకులకు తెలియకుండా ఏ మందూ వేసుకోవద్దు. పల్స్ ఆక్సీమీటర్ తీసుకెళ్తే చల్లటి వేలు, నెయిల్ పాలిష్ రెండూ తప్పు అంకెలు చూపిస్తాయని గుర్తుంచుకోండి.

---

సండే_ట్రెక్కర్:

ఇంత హడావిడి ఎందుకండీ. కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లే పెద్దవాళ్లంతా జేబులో కర్పూరం పెట్టుకుని వాసన చూస్తూ ఎక్కేస్తారు. ఆక్సిజన్ బాగా అందుతుంది.

---

మాత్రలచీటి:

కర్పూరం ఆక్సిజన్ పెంచదు. ముక్కు లోపలి చల్లదనపు నరాలను తట్టి, గాలి బాగా ఆడుతున్న భావన ఇస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ అంకె కదలదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది: బాగుందనిపించి ఇంకో గంట పైకి నడుస్తారు. పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి. దేవుడి గదిలో ఉండాల్సింది అక్కడే ఉండనివ్వండి.

---

ఖాజాగూడ_నడక:

అన్నా, డాక్టర్ గారూ, చాలా థాంక్స్. రక్తపరీక్షకు రేపే వెళ్తాను. ఒక చిన్న సందేహం. అడ్వాన్స్ కోర్సుకు పోవాలంటే బేసిక్‌లో 'ఏ' గ్రేడ్ ఉండాలంటారు కదా. తలనొప్పి అని చెప్తే గ్రేడ్ పోతుందా? ఆ రిస్క్ ఫారమ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

---

మంచుగొడ్డలి:

మీరు విడివిడిగా అడిగారు కానీ ఆ రెండూ ఒకటే ప్రశ్న.

ఫారమ్‌లో "ప్రమాదం" అని ఒకే మాట ఉంటుంది. నాన్నగారికి చెప్పేటప్పుడు దాన్ని మూడుగా విడదీయండి. కొండ తెచ్చేది, సంస్థ అదుపులో ఉండేది, మీరు సంచిలో వేసుకుని వెళ్లేది.

కొండ తెచ్చేది మంచు చరియ, రాళ్లు రాలడం, హిమనదంలో పగుళ్లు, వాతావరణం. పలకగా జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద పుడతాయి. కొత్త మంచు గట్టి పలకగా పేరుకుంటుంది, దాని కింద బలహీనమైన పొర ఉంటుంది. మనిషి బరువుకు ఆ పొర తెగితే పలకంతా ఒక్కసారిగా కదులుతుంది. పెద్ద మంచు కురిశాక మొదటి ఒకటి రెండు రోజులు ప్రమాదం ఎక్కువ. పూర్తిగా కూరుకుపోయినవాళ్లు బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అంటే కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే, హెలికాప్టర్ కాదు. నాన్నగారి దగ్గర ఇది దాచొద్దు: 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా–2 శిఖరం మీద అడ్వాన్స్ కోర్సు బృందం చరియ కింద పడింది, 29 మంది పోయారు. అదే ఏడాది మేలో ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ వాళ్లలో ఒకరు. నైపుణ్యం చూసి వాలు ఆగదు. బేసిక్ కోర్సులో చాలా భాగం బండల దగ్గర, హిమనదం మీద గడుస్తుంది, శిఖరపు వాలు మీద ఉండేది తక్కువ. ఆ మేరకు ఈ ప్రమాదం తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు. మీరు నిజంగా ఒప్పుకుంటున్నది ఈ మిగిలిన ముక్కనే.

రెండోదానికి సంతకం పెట్టే ముందు ఫోన్ చేసి అడగండి, అడగడం మీ హక్కు. ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు? క్యాంపులో డాక్టరు ఉంటారా, ఆక్సిజన్ సిలిండర్లు, ఎత్తు జబ్బు వచ్చినవాళ్లను లోపల పడుకోబెట్టి గాలి నింపే పీడన సంచి ఉన్నాయా? పై క్యాంపు నుంచి వాహనం వచ్చే రోడ్డుకు మనిషిని మోసుకొస్తే ఎన్ని గంటలు? శాటిలైట్ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? వెనక్కి తిరగాలని నిర్ణయించేది ఎవరు, ఇన్ని గంటలు దాటితే తిరగాల్సిందే అని ముందే గీత ఉందా? జవాబులు రాసి ఫారమ్‌తో పాటు నాన్నగారి ముందు పెట్టండి. ఆయన అడిగేవీ చాలావరకు ఇవే అయివుంటాయి.

మూడోదానిలోనే మీ గ్రేడు ప్రశ్న ఉంది. దాచిన తలనొప్పి, బిగించని కారబినర్ (తాడును తగిలించే, గేటున్న లోహపు కొక్కెం), నిద్రలేని మర్నాడు "నాకేం కాలేదు" అనడం. ఎత్తు జబ్బుతో ఒకరోజు ఆగినవాళ్లు కోర్సు పూర్తిచేయగలరు. దాచి పైకెక్కి తూలినవాళ్లను నలుగురు మోసుకుని దించాలి, అందరి కోర్సూ ఆగుతుంది. గ్రేడు పోయినా పోనివ్వండి. మళ్లీ చేయొచ్చు.

ఇక నేర్పే వాటిలో ఎక్కడ తప్పులు జరుగుతాయో చెప్తాను, ముందే తెలిస్తే చెప్పినప్పుడు చెవికెక్కుతుంది.

క్రాంపాన్లు, అంటే మంచులో జారకుండా బూటు అడుగున కట్టే లోహపు ముళ్ల చట్రాలు, ఇచ్చినరోజే మీ బూటుకు సరిచేసుకోండి. పట్టీ బిగించకుండా బూటు ఎత్తి ఊపినా క్రాంపాన్ ఊడకూడదు. అలా సరిపోతేనే సైజు కుదిరినట్టు. మధ్యాహ్నపు తడి మంచు అడుగున ముద్దకడుతుంది, అప్పుడు ముళ్లు మంచుకు అందవు, పాదం జారుతుంది. రెండు మూడు అడుగులకొకసారి మంచు గొడ్డలి కర్రతో బూటు పక్కన కొట్టి రాల్చాలి. గెయిటర్ (బూటు పై నుంచి పిక్క దాకా కట్టే తొడుగు) లేకుండా వదులు ప్యాంటు వేసుకుంటే ముళ్లు పిక్క దగ్గర గుడ్డను పట్టి మనిషిని పడేస్తాయి. క్రాంపాన్లతో నడిచేటప్పుడు పాదాలు కాస్త ఎడంగా పెట్టాలి.

జారినప్పుడు గొడ్డలితో ఆగడం కోర్సులో ఎక్కువసార్లు చేయించేది. గొడ్డలి తల భుజం దగ్గర, కర్ర ఛాతీకి అడ్డంగా, ఛాతీ బరువంతా గొడ్డలి ముక్కు (తలకున్న వాడి మొన) మీద. క్రాంపాన్లు ఉంటే పాదాలు పైకెత్తి మోకాళ్లు ఆనించాలి. ముళ్లు మంచులో దిగితే శరీరం తలకిందులుగా ఎగిరిపోతుంది, చీలమండ విరుగుతుంది. మొదటి రెండు సెకన్లలో ఆగకపోతే వేగం పెరిగి ఆగడం కష్టం. అందుకే తలకిందులుగా, వీపు మీద, ఎడమ చేత్తో, అన్ని రకాలుగానూ చేయిస్తారు. విసుక్కోవద్దు.

తాడు మీద దిగేటప్పుడు ఘోరాలు మూడు కారణాల వల్ల జరుగుతాయి. తాడు కొసకు ముడి లేక చివర దాటిపోవడం, కారబినర్ గేటు లాక్ చేయకపోవడం, జుట్టో హుడ్ తాడో డిసెండర్‌లోకి (తాడు మీద దిగే వేగాన్ని అదుపు చేసే పరికరం) పోవడం. జడ గట్టిగా వేసి జాకెట్ లోపలికి దోపుకోండి. దిగే ముందు లాక్‌ను చేత్తో నొక్కి చూడాలి, కళ్లతో చూస్తే సరిపోదు. హిమనదం మీద తాడు కట్టుకుని నడిచేటప్పుడు ఇద్దరి మధ్య తాడు మంచును తాకీ తాకనట్టు ఉండాలి. చుట్టలు చేతిలో పట్టుకుంటే, ముందున్నవాళ్లు పగుల్లో పడినప్పుడు ఆ చుట్టలన్నీ విప్పుకున్నంత దూరం పడతారు, ఆ కుదుపు మిమ్మల్ని లాగేస్తుంది.

కళ్లజోడు కేటగిరీ 4 (వెలుగును బాగా ఆపే అతి ముదురు అద్దాలు), పక్కలు మూసినది. ఇక్కడి రోడ్ల మీద వేసుకునే నల్లద్దాలు పనికిరావు. మంచు వెలుగును తిప్పి కొడుతుంది కాబట్టి ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయాలి, లేదంటే అక్కడే కాలుతుంది.

---

పాలసీ_పేపర్:

బీమా మీద రెండు ముక్కలు. ఆరోగ్య పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడలది. పర్వతారోహణ పేరు అందులో ఉంది. కానీ "ప్రొఫెషనల్‌గా పాల్గొంటే" అనే షరతు కూడా అక్కడే ఉంది. మీరు నేర్చుకునేవాళ్లు, ప్రొఫెషనల్ కారు. అయినా కంపెనీకి మెయిల్ పెట్టి, రాతలో జవాబు తెప్పించుకుని దాచుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమా, ఆఫీసు గ్రూపు పాలసీల మాటలు వేరేగా ఉంటాయి, విడిగా చదవాలి. ప్రత్యేకంగా కొనేటట్టయితే మూడు చూడండి: ఎన్ని మీటర్ల ఎత్తు వరకు, తాడు–గొడ్డలి వాడితే చెల్లుతుందా, తరలింపు ఖర్చు ఉందా. ట్రెక్కింగ్ పాలసీలు చాలావాటిలో తాడు దగ్గరే గీత గీస్తారు.

ఇంకోటి, మన ఊరికి ప్రత్యేకం. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో ప్రేమగా గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం పంపిస్తారు. భారత్‌లో ప్రభుత్వ అనుమతి లేకుండా అవి వాడకూడదు, వెంట ఉంచుకోకూడదు. విమానాశ్రయ తనిఖీలో దొరికితే కేసు. ఇంట్లోనే వదిలెయ్యండి.

---

ఖాజాగూడ_నడక:

ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకున్నాను, ఆదివారం నాన్నతో కూర్చుంటాను. ముడులు ముందే నేర్చుకోవాలా? తిండి, ప్రయాణం గురించి ఏమైనా ఉంటే చెప్పండి.

---

బోనగిరి_బండ:

ముడులు తప్పకుండ. ఆరు మిల్లీమీటర్ల తాడు మూడు మీటర్లు కొను. మార్కెట్ల దొరికే నైలాన్ తాడైనా నేర్చుకునేందుకు సరిపోతది, దాని మీద బరువు మాత్రం వెయ్యకు. ఎనిమిది ముడి, క్లోవ్ హిచ్, బౌలైన్, ప్రూసిక్, నాలుగు చాలు. కళ్లు మూసుకుని, ఉన్ని గ్లౌజులతోని కట్టగలిగేదాక చెయ్యి. ఎనిమిది ముడిల తాళ్లు ఒకదాని పక్కన ఒకటి సాపుగ ఉండాలె, మెలిక ఉంటే శిక్షకుడు చూడంగనే విప్పిస్తడు. కొస కనీసం జానెడు మిగలాలె.

తిండి సంస్థదే. ఎత్తుకు పోయినకొద్ది ఆకలి చస్తది. నాలుగు వేల మీటర్ల కాడ నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతయి, అందుకే పప్పు సరిగ ఉడకదు. అన్నం పోకపోతే పల్లీపట్టి, ఖర్జూరం, వేయించిన అటుకులు జేబుల ఉంచుకో, గంటకొకసారి కొంచెం నములు. ఆవకాయ సీసా వద్దు, నూనె కారితే స్లీపింగ్ బ్యాగ్ ఆగమైతది. కారప్పొడి చిన్న పొట్లం సరిపోతది. చాక్లెట్ చలికి రాయి అయితది, కొరికితే పన్ను విరుగుతది, జాగ్రత్త.

నెలసరి వస్తే వాడినవి కింద పడేసే వీలుండదు. జిప్ కవర్ల మూసి సంచిల్నే వెనక్కి తేవాలె, దానికి కవర్లు ఎక్కువ పెట్టుకో. కప్పు వాడాలనుకుంటే ఇక్కడ కనీసం రెండు నెలలు వాడి చూసి పో.

ప్రయాణం: తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ల ఢిల్లీకి ఒక పగలు ఒక రాత్రి, ఆడికెళ్లి డెహ్రాడూన్, డెహ్రాడూన్ నుంచి ఉత్తరకాశీ రోడ్డు మీద సుమారు 145 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. ఘాట్ రోడ్డు, కడుపుల తిప్పుతది, ముందు సీటు అడుగు. చరియలు పడితే రోడ్డు బందైతది, అందుకని రిపోర్టింగ్ తేదీకి ఒక రోజు ముందే చేరేటట్టు టికెట్ తీసుకో. సామాను ఇచ్చే రోజు నీ మందపాటి సాక్సు రెండు జతలు తొడుక్కునే బూటు సైజు చూసుకో. వరుసల మొదట్ల నిలబడు, నడిమి సైజులు తొందరగ అయిపోతయి.